ఇల్లు చూసి వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యడం లేదా? పెయింటర్ని పిలిచే ముందు ఓ మగ్గు నీళ్ళు పొయ్యండి

అమ్మకానికి పెట్టిన ఇల్లు ఊడ్చి, తుడిచి, అక్కర్లేని సామాను తీసేసి, మాడిపోయిన బల్బులు మార్చారనే అనుకుంటున్నాను. అవన్నీ అయ్యాక కూడా బేరం తెగకపోతేనే ఇది చదవండి.

ముందు ఒక్కటి తేల్చుకోండి. అసలు ఎవరూ రావట్లేదా, వచ్చి వెళ్ళిపోతున్నారా? రెండూ వేరు వేరు జబ్బులు.

ఎవరూ రావట్లేదు

ప్రకటనలో పెట్టిన ఫొటోలు కారణం, లేదా ధర కారణం, రెండిట్లో ఒకటి. రాత్రి ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటోలైతే పగటిపూట కర్టెన్లు పక్కకి లాగి, గది మూలన నిలబడి, ఫోన్ గుండె ఎత్తులో పట్టుకుని మళ్ళీ తియ్యండి. అప్పటికీ ఎవరూ రాకపోతే ధరే. దానికి నా దగ్గర మందు లేదు.

వస్తున్నారు, ఐదు నిమిషాల్లో వెళ్ళిపోతున్నారు

హాల్లో బాగానే మాట్లాడతారు. లోపలి గదుల వైపు నడిచేసరికి మాటలు తగ్గుతాయి. బాత్రూమ్ తలుపు తీసి, అడుగైనా పెట్టకుండా మూసేస్తారు. "బాగుందండీ, ఇంట్లో మాట్లాడుకుని చెప్తాం" అంటారు. చెప్పరు. వాసనొస్తోందని మొహం మీద అనేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

ఆ ఇల్లు కొన్నాళ్ళుగా ఖాళీగా ఉంటే, పదింట ఎనిమిదిసార్లు నేను చూసిన కారణం ఒకటే: నహానీ ట్రాప్ ఎండిపోవడం. బాత్రూమ్ నేల మీది జాలీ కింద ఎప్పుడూ కాసిన్ని నీళ్ళు నిలిచి ఉండేలా ట్రాప్ కడతారు. సింకు కింద వంకర తిరిగిన పైపు చేసే పనీ అదే. మామూలుగా అక్కడ 50 మిల్లీమీటర్ల లోతు నీళ్ళుంటాయి. డ్రైనేజీ గాలికీ మీ ఇంటికీ మధ్య ఉన్న తలుపు ఆ రెండంగుళాల నీళ్ళే. ఇంట్లో మనుషులుంటే స్నానాలతో, కడుగుళ్ళతో అవి నిండుతూనే ఉంటాయి. తాళం వేసిన ఇంట్లో కొన్ని వారాలకి ఆవిరైపోతాయి, ఎండాకాలమైతే ఇంకా తొందరగా.

ఇంత చిన్న విషయం దొరక్కుండా ఎలా తప్పించుకుంటుందో చెప్తాను, ఎందుకంటే నేనే ఒకసారి నిండా మోసపోయాను. రెండున్నర నెలలు మూసి ఉంచిన ఇల్లు. వాసనొస్తోందంటే చెమ్మ అనుకుని రెండు గదులకి రంగులు వేయించాను. వాసన పోయింది. మూడు వారాలకి మళ్ళీ వచ్చింది. ఈసారి అలమారాలు విప్పించి వెనక గోడ కడిగించాను. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. మూడోసారి పెయింటర్ సాయంత్రం పని ముగించి, బాత్రూమ్‌లో గొంతుక్కూర్చుని బ్రష్షులు కడుక్కుంటూ రెండు బకెట్ల నీళ్ళు జాలీలోకి వదులుతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. అప్పటికి గానీ వెలగలేదు. వాసన పోగొట్టింది నేను డబ్బులు పోసిన రంగు కాదు, అతను పారబోసిన నీళ్ళు.

మీకూ ఇదే జరుగుతుంది. మీరు వెళ్ళేది తుడిపించడానికి, తుడిచిన నీళ్ళు పారబోసేది ఆ జాలీలోకే. మీరున్నంతసేపూ ఇల్లు శుభ్రంగానే ఉంటుంది. మీరు కదపని రెండో బాత్రూమ్ నుంచి ఏదైనా వస్తున్నా, పది నిమిషాలు అక్కడుంటే మీ ముక్కు దానికి అలవాటు పడిపోతుంది.

దీనికి తోడు ఇంకొకటి చేస్తారు. చూసేవాళ్ళు వస్తున్నారని కిటికీలన్నీ మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తారు. అది గదిలో గాలిని బయటికి తోస్తుంటే ఆ లోటు పూడ్చడానికి ఎక్కడినుంచో గాలి రావాలిగా? ఎండిన ట్రాప్ లోంచి వస్తుంది. పైన రూమ్ స్ప్రే కొడితే రెండూ కలిసి ఇంకా ఘోరం.

చెయ్యాల్సింది: ఇంట్లో నీళ్ళు పోయే కన్నాలన్నీ లెక్కపెట్టండి. బాల్కనీలోది, వాషింగ్ మెషీన్ వెనకది, సామాన్ల గదిలా వాడే బాత్రూమ్‌లోది మర్చిపోతారు. ప్రతిదాంట్లో ఓ పెద్ద మగ్గు నీళ్ళు పొయ్యండి, ప్రతి కమోడ్‌నీ ఒకసారి ఫ్లష్ చెయ్యండి. తలుపులు మూసి రాత్రంతా వదిలేసి, పొద్దున ఆ ఇంట్లో ఉండని మనిషిని ముందు పంపండి. ఇల్లు అమ్ముడయ్యేదాకా వారానికోసారి ఇదే పని. అన్నిసార్లు వెళ్ళలేకపోతే నీళ్ళ మీద రెండు చెంచాల మినరల్ ఆయిల్ పొయ్యండి. అది తేలుతూ నీళ్ళు ఆవిరి కాకుండా ఆపుతుంది. వంటనూనె వద్దు, ముక్కిపోయి అదో కొత్త వాసన.

నీళ్ళు పోసినా రెండు రోజుల్లో వాసన తిరిగొస్తే, కమోడ్ ఫ్లష్ చేసి పక్కనున్న జాలీ దగ్గర చెవి పెట్టండి. గుడగుడమంటే గాలి పైపు (డ్రైనేజీ పైపుల్లో గాలి ఆడటానికి పైకి పెట్టేది) మూసుకుపోయి, ఫ్లష్ నీళ్ళు ట్రాప్ నీళ్ళని లాక్కుపోతూ ఉండొచ్చు. అది ప్లంబర్ పని. వాష్‌బేసిన్ గొట్టాన్ని ఊరికే కన్నంలో దూర్చి వదిలేసినా పక్క సందులోంచి వాసన వస్తుంది, రబ్బరు కాలర్ పెడితే సరి. చచ్చిన ఎలుకలూ పగిలిన పైపులూ ఉంటాయి, కాదనను. కానీ మగ్గు నీళ్ళు పొయ్యకుండా నేల తవ్వించినవాళ్ళని చూశాను.

కొత్త రంగు ఉబ్బుతోంది

చెమ్మ మీద వేశారు. మళ్ళీ వేస్తే మళ్ళీ ఉబ్బుతుంది. ఒకటిన్నర అడుగు ప్లాస్టిక్ షీటు గోడకి పెట్టి నాలుగంచులా టేపు అంటించి ఒక రోజు ఉంచండి. తడి షీటుకి గది వైపు పడితే గదిలో గాలి ఆడట్లేదు, కిటికీలు తెరవండి. గోడ వైపు పడితే నీళ్ళు గోడలోంచే వస్తున్నాయి. నీళ్ళ మీటరుంటే కొళాయిలన్నీ కట్టేసి, అంకె రాసుకుని, రెండు గంటలు ఏదీ వాడకుండా మళ్ళీ చూడండి. అంకె కదిలిందంటే ఎక్కడో కారుతోంది. ముందు అది ఆపి, గోడ ఆరాకే రంగు.

తలుపు పట్టేస్తోంది

చిత్రిక పట్టేముందు బందుల స్క్రూలు బిగించండి. చాలావాటికి అంతే.

బేరం కుదిరిందని నీళ్ళు పొయ్యడం మానెయ్యకండి. కాగితాల పనికి నెలలు పడితే ఇల్లు మళ్ళీ మూతబడే ఉంటుంది. తాళాలు తీసుకునే ముందు ఆఖరుసారి చూసుకోవడానికి వచ్చినవాళ్ళకి అప్పుడు మొదటిసారి వాసన తగిలితే, ధర గురించి మళ్ళీ మొదలుపెడతారు.