హోల్టర్ పరీక్షకు డబ్బు కట్టేముందు: కర్నూలు, అనంతపురం, కడప రోగులకు కొన్ని సూచనలు

గుండెదడ అనో, ఉన్నట్టుండి కళ్లు తిరుగుతున్నాయనో వైద్యుని దగ్గరికి వెళ్లినవారికి మొదట ఈసీజీ తీస్తారు. మామూలు ఈసీజీ పది సెకన్ల పాటు మాత్రమే గుండె నడకను నమోదు చేస్తుంది. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది గనుక, ఆ పది సెకన్లలో తేడా కనబడనంత మాత్రాన తేడాయే లేదని తేల్చడానికి వీల్లేదు. అందుకే ఛాతీకి ఎలక్ట్రోడ్లు అంటించి, చిన్న యంత్రాన్ని నడుముకు తగిలించి ఇంటికి పంపే హోల్టర్ పరీక్షను గానీ, ఛాతీకి అంటించే చిన్న పట్టీలాంటి యంత్రంతో అంతకన్నా ఎక్కువ రోజులు సాగే ప్యాచ్ పరీక్షను గానీ రాస్తారు. చీటీ చేతికి రాగానే కౌంటరు దగ్గర అందరూ అడిగేది ఎంతవుతుందనే. దానికన్నా ముందు వైద్యుడిని అడగవలసింది ఎన్ని రోజుల పరీక్ష అవసరమని. ఈ పరీక్షలో డబ్బు వృథా కావడానికి ధర కన్నా తరచుగా కారణమయ్యేది, లక్షణానికి సరిపోని గడువును ఎంచుకోవడమే.

దడ రోజూ వస్తుంటే 24 లేదా 48 గంటల హోల్టర్ సాధారణంగా సరిపోతుంది. వారానికో పది రోజులకో ఒకసారి వచ్చేవారికి ఒక్కరోజు యంత్రం తగిలిస్తే, ఆ రోజు గుండె సవ్యంగానే నడిచి, రిపోర్టు నార్మల్ అని వచ్చి, నెల తిరక్కుండానే అదే పరీక్షకు మళ్లీ డబ్బు కట్టవలసి వస్తుంది. అటువంటివారికి 7 నుంచి 14 రోజుల ప్యాచ్, నెలకోసారి ఇబ్బందిపడేవారికి లక్షణం వచ్చినప్పటి గుండె నడకను నమోదు చేసే, 30 రోజుల వరకు వాడగల ఈవెంట్ రికార్డరు నయం. ఏడాదికి ఒకటి రెండుసార్లు కారణం తెలియకుండా స్పృహ తప్పి పడిపోయేవారికి చర్మం కింద అమర్చే లూప్ రికార్డరు అనే చిన్న యంత్రం ఉంది. అది సుమారు మూడేళ్లు పనిచేస్తుంది. కాబట్టి ఓపీకి వెళ్లేముందే లక్షణం ఎప్పుడెప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, అప్పుడు ఏం చేస్తున్నారు అన్నది ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. గడువును నిర్ణయించడంలో వైద్యుడికి అంతకు మించిన ఆధారం ఉండదు. అయితే పనిచేస్తుండగా స్పృహ తప్పినా, దడతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి 108కి ఫోన్ చేయాలి.

ధరల విషయానికి వస్తే, ప్రైవేటు ఆసుపత్రుల్లో 24 గంటల హోల్టర్‌కు స్థూలంగా 1,500 నుంచి 4,000 రూపాయల వరకు తీసుకుంటారు. ఎక్కువ రోజుల ప్యాచ్‌కు దానికి కొన్ని రెట్లు అవుతుంది. లూప్ రికార్డరు ఖర్చు లక్ష రూపాయల స్థాయిలో ఉంటుంది. ఒకే పరీక్షకు రెండుచోట్ల రెండు ధరలు చెప్పినప్పుడు తక్కువ చెప్పినచోటికి వెంటనే పరుగెత్తకుండా, ఆ మొత్తంలో ఏమేమి కలిసి ఉన్నాయో విడివిడిగా అడగాలి. ఎలక్ట్రోడ్లకు వేరే తీసుకుంటారా? రికార్డింగును హృద్రోగ నిపుణుడు చూసి సంతకం చేసిన రిపోర్టు ఇస్తారా, లేక యంత్రం ఇచ్చిన ముద్రణ మాత్రమే చేతిలో పెడతారా? రిపోర్టు చూపించడానికి వచ్చినప్పుడు మళ్లీ ఓపీ ఫీజు ఉంటుందా? యంత్రానికి డిపాజిట్ కట్టాలా, ఆలస్యంగా తిరిగి ఇస్తే ఏమైనా కోత పెడతారా? యంత్రం సరిగా నమోదు చేయకపోతే మళ్లీ ఉచితంగా చేస్తారా? ఈ చివరి ప్రశ్నను డబ్బు కట్టాక అడిగితే ప్రయోజనం ఉండదు.

బిల్లులో కనబడని ఖర్చు ప్రయాణానిది. ఆదోని నుంచో ఆలూరు నుంచో కర్నూలుకు వచ్చే రోగికి యంత్రం తగిలించుకోవడానికి ఒకసారి, తిరిగి ఇవ్వడానికి మరొకసారి, రిపోర్టుకు ఇంకొకసారి అంటే ఛార్జీలతో పాటు మూడు రోజుల కూలి కూడా పోతుంది. యంత్రం తిరిగి ఇచ్చేరోజే రిపోర్టు కూడా అందేలా సమయం అడిగి పెట్టుకుంటే ఒక ప్రయాణం తప్పుతుంది.

డబ్బు కట్టే స్తోమత లేనివారు ముందుగా కర్నూలు పెద్దాసుపత్రిలోగానీ, కడప, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లోగానీ గుండె వైద్యులు చూసే ఓపీలో ఈ పరీక్ష గురించి అడగడం మంచిది. 1991 నుంచి నడుస్తున్న పుట్టపర్తి సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో గుండె వైద్యానికి రోగుల నుంచి రుసుము తీసుకోరు. పాత రిపోర్టులన్నీ వెంట తీసుకుని వెళ్లాలి. ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, ప్రధానంగా జాబితాలో ఉన్న చికిత్సలకు వర్తించే పథకం గనుక, ఓపీలో విడిగా చేయించుకునే హోల్టర్‌కు అది వర్తిస్తుందని ముందే లెక్కవేసుకోకూడదు. పేస్‌మేకర్ వంటి చికిత్సకు పథకం కింద చేర్చుకున్నప్పుడు మాత్రం, పరీక్షలకు వేరుగా డబ్బు అడిగితే ఆసుపత్రిలో ఆ పథకం రోగులకు సాయపడే ఉద్యోగి అయిన ఆరోగ్యమిత్రకు చెప్పాలి.

ప్రైవేటు ఆరోగ్య బీమా ఉన్నవారికి, ఒక్కరాత్రి అడ్మిట్ అయితే పరీక్ష ఖర్చు బీమాలో వచ్చేస్తుందని సలహా ఇచ్చేవారు ఎక్కడైనా ఉంటారు. కేవలం పరీక్షల కోసం చేరితే ఆ ఖర్చు చెల్లించబోమని పాలసీల్లో స్పష్టంగానే రాసి ఉంటుంది. పైగా గది అద్దె మన నెత్తిన పడుతుంది. నిజంగా చికిత్స కోసం చేరవలసి వస్తే, దానికి ముందు 30 రోజుల్లో అదే జబ్బుకు చేయించిన పరీక్షలకు చాలా పాలసీలు చెల్లిస్తాయి గనుక వైద్యుడి చీటీ, బిల్లు, రిపోర్టు మూడూ దాచుకోవాలి. బీమా లేని 60 ఏళ్లు దాటినవారి వైద్య ఖర్చుకు, ఆదాయపు పన్ను పాత విధానంలో ఏడాదికి 50,000 రూపాయల వరకు మినహాయింపు ఉంది. అది నగదుగా కట్టినదానికి వర్తించదు.

కట్టిన డబ్బు దక్కాలంటే రికార్డింగు శుభ్రంగా రావాలి. యంత్రం పెట్టించుకునేముందే స్నానం చేసి, ఛాతీ మీద నూనె, పౌడరు ఏవీ రాయకుండా వెళ్లాలి. వైర్లున్న హోల్టర్‌తో స్నానం చేయకూడదు. మన ఎండలకు పట్టే చెమటకు ఎలక్ట్రోడ్లు ఊడడం మామూలే. వేసవిలో చేయించుకునేవారు రెండు మూడు అదనంగా అడిగి తీసుకుని, ఊడితే ఎలా అంటించాలో అక్కడే చూసుకోవాలి. యంత్రం ఉంది కదా అని మంచం మీద పడుకోకుండా, వైద్యుడు వద్దంటే తప్ప రోజూ చేసే పనులన్నీ చేయాలి. పొలం పనిలో వచ్చే దడ పడుకుంటే ఎలా నమోదవుతుంది? లక్షణం రాగానే యంత్రం మీది మీట నొక్కి, సమయం రాసుకోవాలి. రాయలేనివారికి ఇంట్లో పిల్లలు రాసిపెట్టవచ్చు.

రిపోర్టు తీసుకునేటప్పుడు చివరి పేజీలోని సారాంశంతో సరిపెట్టుకోకుండా, లయ మారిన సమయాల్లో నమోదైన ఈసీజీ ముక్కలున్న పేజీలను కూడా అడిగి తీసుకోండి. రేపు హైదరాబాదుకో, బెంగళూరుకో, తిరుపతికో వెళ్లవలసి వస్తే అక్కడి వైద్యుడు మొదట చూసేది ఆ పేజీలనే. అవి లేకపోతే పరీక్షను మళ్లీ రాస్తారు.