విశ్వవిద్యాలయ వెబ్‌సైట్‌ను వికలాంగులకు అనువుగా మార్చడం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏమేం సరిదిద్దాలి

విశ్వవిద్యాలయ వెబ్‌సైట్‌ను వికలాంగులకు అనువుగా మార్చాలని నిర్ణయించినప్పుడు పని సాధారణంగా హోం పేజీతో మొదలవుతుంది. అక్షరాల పరిమాణం పెంచే, తగ్గించే బటన్లను పైన ఒక మూల చేర్చి, దానితో బాధ్యత తీరిందనుకుంటారు. బ్రౌజరులో ఆ సౌకర్యం ఎటూ ఉంది కనుక ఆ బటన్ల వల్ల ఒరిగేది తక్కువ. నిజానికి విద్యార్థి వచ్చేది హోం పేజీ చూడడానికి కాదు. దరఖాస్తు చేయడానికి, ఫీజు కట్టడానికి, పరీక్షల టైంటేబుల్ తెలుసుకోవడానికి, ఫలితాలు చూసుకోవడానికి. ఈ నాలుగు పనులను ముందుగా కాగితం మీద రాసుకొని, ఒక్కొక్కటి మరొకరి సాయం లేకుండా మొదటి నుంచి చివరిదాకా పూర్తవుతుందో లేదో చూడాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడి నుంచి మరమ్మతు మొదలుపెట్టాలి.

కొలబద్దగా, వెబ్ ప్రమాణాలను రూపొందించే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ప్రకటించిన వెబ్ కంటెంట్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలను తీసుకోవచ్చు. వీటి 2.0 రూపం 2008లో, 2.1 రూపం 2018లో, 2.2 రూపం 2023లో వెలువడ్డాయి. ఇందులో ఏ, ఏఏ, ఏఏఏ అని క్రమంగా కఠినమయ్యే మూడు స్థాయులున్నాయి, 2.2 రూపంలోని ఏఏ స్థాయిని లక్ష్యంగా పెట్టుకుంటే చాలు. మొత్తం సైటుకు ఏఏఏ స్థాయిని తప్పనిసరి చేయవద్దని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి.

మొదటి పరీక్షకు ఖర్చేమీ లేదు. మౌసును పక్కన పెట్టి ట్యాబ్, షిఫ్ట్-ట్యాబ్, ఎంటర్, స్పేస్, బాణం కీలతోనే దరఖాస్తును నింపడానికి ప్రయత్నించాలి. చేతులు సరిగా స్వాధీనంలో లేనివారు, చూపు లేనివారు చాలామంది సైటును ఇలాగే వాడతారు. ట్యాబ్ నొక్కిన ప్రతిసారీ ప్రస్తుతం ఏ లింకు మీద ఉన్నామో చూపే గీత తెరపై కనిపించాలి; అందంగా లేదన్న కారణంతో డిజైనర్లు ఒక్క వాక్యం కోడ్‌తో ఆ గీతను తీసేస్తుంటారు, దాన్ని తిరిగి తేవడమూ ఒక్క వాక్యం పనే. మౌసు పైకి తెస్తే మాత్రమే తెరుచుకునే మెనూలు కీబోర్డుతోనూ తెరుచుకోవాలి. ప్రతి పేజీలోనూ మెనూలోని లింకులన్నీ దాటుకుంటూ రావలసిన అవసరం లేకుండా, మొట్టమొదటి ట్యాబ్‌కే ‘ప్రధాన విషయానికి వెళ్లండి’ అనే లింకు ఎదురుకావాలి.

తరువాత, తెరపై ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్‌తో అదే దరఖాస్తును వినాలి. విండోస్‌లో ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఉంటాయి. ఉదాహరణకు, తెరపై ‘పుట్టిన తేదీ’ అన్న మాట, దాని పక్కన ఒక గడి కనిపిస్తాయి. ఆ రెంటినీ కోడ్‌లో లేబుల్‌తో కలపకపోతే వినేవారికి దక్కేది ‘ఎడిట్, ఖాళీ’ అన్న రెండు మాటలే, ఆ గడిలో ఏమి నింపాలో తెలియదు. గడి లోపల లేత రంగులో రాసే సూచన లేబుల్‌కు బదులు కాదు, ఎందుకంటే ఒక్క అక్షరం కొట్టగానే అది మాయమైపోతుంది. తేదీని క్యాలెండరులో ఎంచుకోవడమే కాక నేరుగా టైపు చేసే వీలూ ఉండాలి. తప్పు జరిగినప్పుడు గడి అంచు ఎర్రబారితే సరిపోదు; ‘పుట్టిన తేదీలో సంవత్సరాన్ని నాలుగు అంకెల్లో రాయండి’ అని మాటల్లో చెప్పి, కర్సరును ఆ గడిలోకే తీసుకెళ్లాలి.

దరఖాస్తులో మరో రెండు చోట్ల ఎక్కువమంది చిక్కుకుంటారు. మొదటిది గడువు: కొంతసేపు కదలిక లేకపోతే పేజీ దానంతటదే లాగౌట్ అయి, అంతవరకూ నింపినదంతా పోతుంది. నెమ్మదిగా టైపు చేసేవారికి ఇది శిక్షే. గడువు ముగిసే ముందు హెచ్చరించి, ఒక్క కీ నొక్కితే పొడిగించుకునేలా కనీసం 20 సెకన్ల వ్యవధి ఇవ్వాలి. రెండోది వంకరటింకర అక్షరాలు చూసి కొట్టమనే క్యాప్చా. దాని స్థానంలో మనిషిని ఏమీ అడగకుండా సర్వరులోనే జరిగే తనిఖీ పెట్టడం మేలు. పాస్‌వర్డ్, ఓటీపీ గడుల్లో పేస్ట్ చేయడాన్ని అడ్డుకోకూడదు.

ఫారాలకంటే పెద్ద చిక్కు పీడీఎఫ్‌లతో వస్తుంది. నోటీసును కంప్యూటరులో టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం చేసి, మళ్లీ స్కాన్ చేసి సైటులో పెట్టడం కార్యాలయాల అలవాటు. అలా చేసిన ఫైలు స్క్రీన్ రీడర్‌కు ఒట్టి బొమ్మ, అందులో చదవడానికి అక్షరమే ఉండదు. నోటీసు పాఠాన్ని పేజీలోనే అక్షరాలుగా ఉంచి, సంతకం ఉన్న ప్రతిని దానికి తోడుగా ఇవ్వడం సరైన పద్ధతి. పీడీఎఫ్ తప్పనిసరి అయితే, వర్డ్‌లో అసలైన హెడింగ్ స్టైళ్లు వాడి ‘సేవ్ యాజ్’ ద్వారా ట్యాగులతో (ఏది శీర్షిక, ఏది పేరా అని స్క్రీన్ రీడర్‌కు చెప్పే గుర్తులతో) సహా భద్రపరచాలి. ప్రింట్ ద్వారా పీడీఎఫ్ చేస్తే ఆ ట్యాగులు రాలిపోతాయి. తెలుగు పాఠానికి ఇంకో తనిఖీ అవసరం. పీడీఎఫ్‌లోని ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) కాని పాత ఫాంట్‌తో చేసినదైతే అక్కడ పిచ్చిగీతల్లాంటి గుర్తులు వచ్చి పడతాయి. వినేవారి చెవిన పడేదీ అదే. పేజీ కోడ్‌లో భాష తెలుగు అని పేర్కొనడం కూడా మరవకూడదు, లేకుంటే స్క్రీన్ రీడర్ వేరే భాష గొంతుతో చదవబోతుంది.

ఇక మిగిలినవి చిన్న పనులే అయినా వదిలేయదగినవి కావు. శీర్షికలను లావు అక్షరాలతో కాక హెడింగ్ ట్యాగులతో, వరుస తప్పకుండా గుర్తించాలి. పొడవైన పేజీలో చూపు లేనివారు ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు గెంతుతూ కావలసిన చోటు వెతుక్కుంటారు. ‘ఇక్కడ నొక్కండి’ అనే లింకులు పదింటిని వరుసగా వింటే ఏది దేనిదో తెలియదు కనుక ‘ఫీజు వివరాలు’ అని లింకులోనే రాయాలి. అలంకారం కోసం పెట్టిన బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్‌ను, అంటే బొమ్మకు బదులుగా స్క్రీన్ రీడర్ చదివే వివరణను, ఖాళీగా ఇవ్వాలి. సదస్సు తేదీ, వేదిక రాసి ఉన్న పోస్టరైతే ఆ వివరాలన్నీ పేజీలో అక్షరాల్లోనూ ఉండాలి. గణిత సూత్రాలను బొమ్మలుగా కాక, సూత్రాలను రాయడానికున్న కోడ్ భాష మ్యాథ్‌ఎంఎల్‌లో ఇవ్వాలి. మామూలు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. తెల్లటి నేపథ్యం మీద #767676 అనే రంగు కోడ్ ఉన్న బూడిదరంగు ఈ పరీక్షలో నెగ్గుతుంది, #777777 వెంట్రుకవాసిలో తప్పుతుంది. కంటికి ఆ తేడా ఆనదు కాబట్టి పరికరంతోనే కొలవాలి.

పాఠాల వీడియోలకు క్యాప్షన్లు లేకపోతే బధిర విద్యార్థికి ఆ పాఠం జరగనట్టే. యంత్రం తయారుచేసిన క్యాప్షన్లు సాంకేతిక పదాల దగ్గర, పేర్ల దగ్గర తడబడతాయి కాబట్టి ఆ విషయం తెలిసినవారు ఒకసారి సరిచూడాలి. బోర్డు మీద రాసినదాన్ని అధ్యాపకులు పైకి చదివి చెబితే చూపు లేనివారికి కూడా పాఠం అందుతుంది.

యాక్స్, వేవ్ వంటి తనిఖీ పరికరాలు కొన్ని లోపాలను మాత్రమే పట్టుకుంటాయి. ఆల్ట్ టెక్స్ట్ ఉందో లేదో అవి చెప్పగలవు, అది సరైనదో కాదో చెప్పలేవు. ఒక్క వరుస కోడ్ చేర్చితే సైటంతా దానంతటదే బాగుపడుతుందని అమ్మే అతుకుల విడ్జెట్లకు డబ్బు పెట్టడం నా దృష్టిలో దండగ. ఆ సొమ్మును వికలాంగ విద్యార్థులకే పారితోషికంగా ఇచ్చి, పై నాలుగు పనులూ చేయించి చూడడం మంచిది. నోటీసులు అప్‌లోడ్ చేసే ప్రతి విభాగపు సిబ్బందికీ శిక్షణ ఇవ్వాలి, ఎందుకంటే సైటు మళ్లీ పాడయ్యేది ప్రోగ్రామర్ల చేతిలో కంటే అక్కడే ఎక్కువ. ఇబ్బంది ఎదురైతే ఎవరికి చెప్పాలో ప్రతి పేజీ అడుగున ఉండాలి; ఫోన్ నంబరు ఒక్కటే ఇస్తే బధిరులు వాడలేరు కనుక ఈమెయిలు, ఫారం కూడా ఇవ్వాలి. ఆ ఫిర్యాదు ఫారాన్ని మొదట చెప్పిన కీబోర్డు పరీక్షలో నెగ్గిన తర్వాతే పేజీలో చేర్చాలి.