పాలు పడవు, పల్లీలు పడవు: ఏది అలర్జీ, ఏది అరగకపోవడం?

మన ఇళ్లలో ‘పడదు’ అన్న ఒక్క మాటతో రెండు వేర్వేరు ఇబ్బందులను చెప్పుకుంటాం. చాయ్ తాగితే కడుపు ఉబ్బరించే పెద్దాయనకూ పాలు పడవంటాం, పాలచుక్క తగిలితే ఒళ్లంతా దద్దుర్లు లేచే పసివాడికీ పాలు పడవంటాం. పెద్దాయనది అరుగుదల లోపం. పసివాడిది ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ ఆహారాన్ని శత్రువుగా పొరబడటం. మొదటిది బాధపెట్టి ఊరుకుంటుంది, రెండవది ప్రాణం మీదికి తేగలదు. అందుచేత ఏం తిన్నారన్నదే కాక, ఎంత తిన్నారో, తిన్న ఎంతసేపటికి ఇబ్బంది మొదలైందో కూడా రాసిపెట్టుకోవాలి.

సమస్య: తిన్న కొద్ది నిమిషాల్లో దద్దుర్లు, పెదవుల వాపు, గొంతు పట్టేసినట్లు ఉండటం

కారణం: ఇది ఐజీఈ (IgE) అనే రకం ప్రతిరక్షకాల (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రోటీన్ల) వల్ల వచ్చే అసలైన అలర్జీ. సాధారణంగా రెండు గంటల లోపే బయటపడుతుంది. కొందరికి రవ్వంత తగిలినా చాలు. హైదరాబాదులో వేరుశనగను తప్పించుకోవడం మరీ కష్టం. బగారా బైంగన్‌లోనూ, బిరియానీ పక్కన వడ్డించే మిర్చీ కా సాలన్‌లోనూ పల్లీలు, నువ్వులు మెత్తగా నూరి కలుపుతారు కనుక అవి కంటికి కనబడవు. టిఫిన్ సెంటరులో పల్లీ చట్నీ వద్దని చెప్పి కొబ్బరి చట్నీ అడిగినా, పల్లీ చట్నీలో మునిగిన గరిటే రెండో గిన్నెలోనూ మునిగి మన ఇడ్లీ మీదికి వస్తుంది.

పరిష్కారం: కాసిని దద్దుర్లే ఉంటే సెటిరిజిన్ వంటి అలర్జీ మాత్ర సరిపోవచ్చు, అయినా మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. ఊపిరి ఆడకపోయినా, గొంతు బొంగురుపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ. అప్పుడు మాత్రలతో కాలయాపన చేయకూడదు. దానికి మొదటి మందు తొడ బయటి వైపు కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. ఒకసారి ఇలా జరిగినవారు మోతాదును డాక్టరు చేత ముందే రాయించుకుని, వేసే పద్ధతిని ఇంట్లో ఇద్దరైనా నేర్చుకుని ఉండటం మంచిది. వెంటనే 108కు ఫోన్ చేసి, మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టాలి. ఆయాసం ఎక్కువగా ఉంటే కూర్చోనివ్వవచ్చు. ట్రాఫిక్ తప్పించుకోవచ్చని బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని పోవడం మన నగరంలో తరచూ జరిగేదే, కానీ రక్తపోటు పడిపోయిన మనిషిని నిటారుగా ఉంచడమే ప్రమాదం. తగ్గినట్లే తగ్గి కొన్ని గంటలకు మళ్లీ తిరగబెట్టవచ్చు కనుక ఆసుపత్రిలో ఉండక తప్పదు.

సమస్య: పాలు, చాయ్ తాగిన అరగంట నుంచి రెండు గంటల్లో ఉబ్బరం, గుడగుడ, విరేచనం

కారణం: పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే లాక్టేజ్ ఎంజైము చాలామందిలో వయసుతో తగ్గిపోతుంది. ఇరానీ చాయ్ కోసం పాలను ఎంతసేపు మరిగించినా ఆ చక్కెర పోదు. పాలు చిక్కబడిన కొద్దీ గుక్కకు మరింత చేరుతుంది.

పరిష్కారం: రెండు వారాలు పాలు మాని, ఇబ్బంది తగ్గాక కొద్దికొద్దిగా మొదలుపెట్టి తమకు ఎంతవరకు అరుగుతుందో చూసుకోవాలి. తోడులోని సూక్ష్మజీవులు లాక్టోజ్‌ను కొంత ఖర్చు చేస్తాయి కనుక పెరుగు, మజ్జిగ చాలామందికి సరిపడతాయి. విరేచనాల జబ్బు తర్వాత పిల్లలకు వచ్చే ఈ అరుగుదల లోపం సాధారణంగా కొద్ది వారాల్లో పోతుంది. అయితే ఈ సలహా పాల అలర్జీ ఉన్నవారికి ఏమాత్రం వర్తించదు. వారికి హాని చేసేది చక్కెర కాదు, ప్రోటీను. అది పెరుగులోనూ, కోవాలోనూ, లాక్టోజ్ తీసిన పాలలోనూ ఉంటుంది.

సమస్య: చపాతీ, హలీమ్ తిన్న రోజుల్లో కడుపు బాధ, నెలల తరబడి విరేచనాలు, రక్తహీనత

కారణం: సీలియాక్ జబ్బు కావచ్చు. గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ అనే ప్రోటీను వల్ల చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది.

పరిష్కారం: ముందే గోధుమ మానేసి పరీక్షకు వెళ్లడం పెద్ద పొరపాటు, ఎందుకంటే సీలియాక్ జబ్బును పట్టే టీటీజీ (tTG) రక్తపరీక్ష గోధుమ తింటున్నప్పుడే సరిగ్గా చెబుతుంది. జబ్బు తేలితే గ్లూటెన్‌ను జీవితాంతం మానాలి. జొన్నరొట్టె మంచిదే, కానీ గిర్నీలో మనకంటే ముందు గోధుమలు ఆడించి ఉంటే మన పిండిలో అవీ కలుస్తాయి. పొడి ఇంగువలోనూ తరచుగా గోధుమపిండి కలుపుతారు. డబ్బా మీద చదవాలి.

సమస్య: చామదుంప, కంద తింటే నోరు దురద

ఇది అలర్జీ కానక్కరలేదు. వాటిలోని కాల్షియం ఆక్సలేట్ సూదులు గుచ్చుకోవడమే కారణం. చింతపండు పులుసులో బాగా ఉడికిస్తే తగ్గుతుంది.

సమస్య: పరీక్షలో ఎన్నో పదార్థాలు ‘పాజిటివ్’ అని వచ్చాయి, ఏది తినాలో తెలియడం లేదు

కారణం: వందల పదార్థాలకు చేసే ఐజీజీ (IgG, మరో రకం ప్రతిరక్షకం) పరీక్షలను నమ్మి అన్నం, పప్పు మానేయడం నా దృష్టిలో డబ్బూ, ఒళ్లూ రెండూ పోగొట్టుకోవడమే. ఐజీజీ ఉందంటే ఆ ఆహారం తిన్నామనే తప్ప పడదని కాదు. ఐజీఈ పాజిటివ్ కూడా లక్షణాలు లేనప్పుడు అలర్జీకి రుజువు కాదు.

పరిష్కారం: రాసిపెట్టుకున్న కాగితంతో అలర్జీ నిపుణుల వద్దకు వెళ్లాలి. అవసరమైతే వారి పర్యవేక్షణలో ఆసుపత్రిలోనే ఆ పదార్థాన్ని కొద్దికొద్దిగా తినిపించి తేలుస్తారు. ఇంట్లో ఆ ప్రయోగం చేయకూడదు. చర్మంపై గుచ్చి చేసే పరీక్షకు దాదాపు వారం ముందునుంచి సెటిరిజిన్ వంటి మందులు ఆపమంటారు కనుక, జలుబు మాత్రలతో సహా వాడుతున్నవన్నీ అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పాలి.