పీసీ గేమ్‌ను ఫోన్‌లోకి తేవాలా? ముందు దేవరకొండ బస్సెక్కించండి

వేలమంది ఒకేసారి ఆడే ఆన్‌లైన్ పీసీ గేమ్‌ను ఫోన్‌కు మార్చాలంటే మొదట బటన్లు లెక్కపెట్టండి. పోరాటంలో ఇరవై ముప్పై స్కిల్స్ వాడే గేమ్ రెండు బొటనవేళ్లకు లొంగదు. తెర మీద ఒక్కో బటన్‌కు దాదాపు 9 మిల్లీమీటర్లు కావాలి, తగ్గితే వేలు పక్కదాని మీద పడుతుంది. మౌస్ క్లిక్కులతో నడిచే ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ గేమ్ 2018లో అదే అకౌంట్‌తో ఫోన్లోకి వచ్చి కుదురుకుంది. దాని సర్వర్ 0.6 సెకనుకోసారి లెక్క చూస్తుంది కాబట్టి కొంచెం లాగ్ (నెట్ ఆలస్యం) ఉన్నా ఆట చెడదు. వేగంగా కొట్టుకునే బ్లాక్ డెజర్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌కు మాత్రం ఫోన్ కోసం విడిగా ఇంకో గేమే కట్టారు.

ఆఫీసు వైఫైలో పరీక్షిస్తే ఏమీ తేలదు. నల్లగొండ నుంచి దేవరకొండ పోయే బస్సులో టెస్టర్‌ను కూర్చోబెట్టండి. సిగ్నల్ పోయి వచ్చేసరికి ఐపీ అడ్రస్ (నెట్‌లో ఫోన్ చిరునామా) మారితే పాత కనెక్షన్ తెగుతుంది. సెషన్ టోకెన్, అంటే ఆటగాడు ముందే లాగిన్ అయ్యాడని చెప్పే గుర్తు, ఫోన్లో దాచండి. 60 సెకన్లలోపు తిరిగొచ్చినోళ్లను పాస్‌వర్డ్ అడగకుండా అదే చోట నిలబెట్టండి. ఆ నిమిషం దెబ్బ తగలకుండా రక్షణ ఇస్తారేమో, పోరు మధ్యలో అస్సలు వద్దు. ఓడిపోయేటప్పుడు మనోళ్లు కావాలనే డేటా బంద్ చేస్తారు!

ఇక వేడి. మే నెలలో, 4 జీబీ ర్యామ్ ఫోన్లో, ఏసీ లేని గదిలో అరగంట ఆడి చూడండి. మొదటి పది నిమిషాల ఫ్రేమ్‌రేటును (సెకనుకు తెర మీద మారే బొమ్మల లెక్కను) నమ్మొద్దు. ఫోన్ గరమైతే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. సెకనుకు 30 ఫ్రేములకు కట్టేసి, నీడలు తీసేసి, సంతలాంటి చోట్ల చుట్టూ కనిపించే ఆటగాళ్లను ఇరవై మందికి కుదించండి.