గదికి రంగు – 4వ పాఠం: పాత గోడ చేసే మోసం

పోయిన పాఠంలో లేత నెమలికంఠం రంగును గోడ మీద మచ్చ వేసి చూడమన్నాను. అలా చూసిన కొందరికి మచ్చ ఆకుపచ్చగా కనబడిందట, గదంతా వేశాక నీలం తేలిందట. తప్పు రంగుది కాదు, మచ్చ కింద గోడది.

పాత గోడ గులాబీ అయితే పక్కనున్న మచ్చ మరీ ఆకుపచ్చగా అనిపిస్తుంది. పసుపు గోడైతే నీలం పొడుచుకొస్తుంది. ఆకుపచ్చ గోడ మీదా నీలమే. కంటి తీరే అంత. పాత రంగు పోగానే ఆ తేడా కూడా పోతుంది. అందుకే గోడ మీద మచ్చ వేయకండి, వేయకండి! 2 అడుగులకు 3 అడుగుల అట్టకు తెల్ల ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) పూసి, షేడ్ రెండు కోట్లు వేసి, చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు తెలుపు వదలండి. 200 మిల్లీలీటర్ల శాంపిల్ డబ్బా రెండు అట్టలకు సరిపోతుంది. తడి మీద తీర్పు చెప్పొద్దు, ఆరాక రంగు మారుతుంది.

ఉత్తరపు గదిలో ఈ రంగు బూడిదలోకి జారుతుంది, అక్కడ ఆకుపచ్చ వంతు కాస్త ఎక్కువున్న షేడ్ తీసుకోండి. పడమటి ఎండకు, పసుపు బల్బుకు ఆకుపచ్చ లేస్తుంది. తెల్ల ఎల్‌ఈడీకి నీలం లేస్తుంది. కిటికీ బయట కొబ్బరిచెట్లుంటే ఆకుపచ్చ ఊరికే వస్తుంది, డబ్బాలో కొనక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం పాత ఇళ్లలో ఎర్రగచ్చు నేల ఉంటే జాగ్రత్త: ఆ ఎరుపు గోడ అడుగుభాగాన్ని మసకబారుస్తుంది.

నాలుగు గోడలూ ఒకదాని మీద ఒకటి వెలుగు కొట్టి రంగును చిక్కబరుస్తాయి. అట్ట మీద నచ్చినదానికంటే ఒక మెట్టు లేతది కొనండి. నేనైతే రెండు మెట్లు దిగుతాను. పైకప్పుకు మంచు తెలుపు వద్దు, పొందూరు ఖద్దరు లాంటి తెలుపు చాలు. లేత చేయడానికి చేత్తో తెలుపు పోయకండి, రెండో డబ్బాకు అదే రంగు రాదు. దుకాణంలో రంగు కలిపే మిషన్ మీదే కలిపించండి.

పాత రంగు గోకడం, లప్పం (గోడ నునుపుకు పూసే పుట్టీ) మీకు తెలిసినవే.

అభ్యాసం: 3 షేడ్ల అట్టలు, ఒక్కోటి 4 గోడలకూ ఆనించి, రోజుకు 4 వేళలు (ఉదయం 7, మధ్యాహ్నం 12, సాయంత్రం 5, రాత్రి 8 దీపం కింద), 2 రోజులు. పట్టిక గీస్తే మొత్తం 96 గడులు. ఒక్కోదాంట్లో "నీలం", "ఆకుపచ్చ", "బూడిద" అన్న మూడు మాటల్లో ఒకటి రాయండి. "బాగుంది" అని రాస్తే ఆ గడి కొట్టేసి మళ్లీ చూడండి.