కుంటలో గుర్రపు డెక్క విస్తరణను లాజిస్టిక్ వక్రంతో లెక్క కట్టే విధానం

వరంగల్, హనుమకొండ పరిసరాల్లోని కుంటలలో వానాకాలం ముగిసేసరికి ఒక మూలన కనిపించే గుర్రపు డెక్క సంక్రాంతి నాటికి నీరు కనిపించనంతగా కమ్ముకోవడం చాలామంది చూసినదే. మొదట్లో ప్రతి మొక్కకూ చుట్టూ ఖాళీ నీరు ఉంటుంది కనుక, ఉన్న డెక్క ఎంతో దానికి తగిన నిష్పత్తిలో కొత్తది పుడుతుంది. దీనినే ఘాతీయ వృద్ధి అంటారు. చోటు తరిగేకొద్దీ ఆ వేగం తగ్గుతుంది. బెల్జియం గణితవేత్త పియెర్ ఫ్రాన్స్వా వెర్హుల్స్ట్ జనాభా పెరుగుదల గురించి 1838లో ప్రతిపాదించినది ఇదే: వృద్ధి రేటును, ఇంకా మిగిలి ఉన్న చోటు మొత్తంలో ఎంత భాగమో ఆ భాగంతో గుణించాలి. ఇలా మొదట వేగంగా, తరువాత నెమ్మదిస్తూ హద్దును చేరే వృద్ధిని గీస్తే వచ్చే S ఆకారపు గీతే లాజిస్టిక్ వక్రం.

ముందుగా హద్దును, అంటే డెక్క గరిష్ఠంగా ఎంత మేర పరుచుకోగలదో దానిని, నిర్ణయించుకోవాలి. ఇక్కడ అది కుంట నీటి విస్తీర్ణమే. మన పట్టా పుస్తకాల లెక్కలోనే, ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాల చొప్పున కొలవడం సౌకర్యం. ఆ తరువాత సమాన వ్యవధుల్లో డెక్క కప్పిన మేర ఎంతో రాసుకోవాలి. కట్ట మీద ఒకే చోట నిలబడి తీసిన ఫోటోలు సరిహద్దును పోల్చి చూసుకోవడానికి పనికివస్తాయి.

ఉదాహరణకు ఎకరం కుంటలో మొదటి రోజున 2 గుంటలు, 3 వారాలకు 5, 6 వారాలకు 11, 9 వారాలకు 20 గుంటల మేర డెక్క ఉందనుకుందాం. ప్రతి కొలతకూ ఖాళీ మేరను కప్పిన మేరతో భాగించి, వచ్చిన దానికి సహజ సంవర్గమానం (2.718ను ఏ ఘాతానికి హెచ్చిస్తే ఆ సంఖ్య వస్తుందో ఆ ఘాతం) కట్టాలి. మొదటి కొలతకు 38ని 2తో భాగిస్తే 19 వస్తుంది, దాని సహజ సంవర్గమానం 2.94. తక్కిన మూడింటికి వరుసగా 1.95, 0.97, 0 వస్తాయి. మూడేసి వారాలకు ఒకసారి దాదాపు 1 చొప్పున తగ్గుతున్నందున ఇవి ఒక సరళరేఖ మీద ఉన్నట్టే. 9 వారాల్లో 2.94 తగ్గింది కనుక వృద్ధి రేటు వారానికి సుమారు 0.33. ఈ విలువలు రేఖ మీద నిలవకుండా వంపు తిరిగితే, హద్దును తప్పుగా తీసుకున్నారని గాని, రేటు మధ్యలో మారిందని గాని అనుమానించాలి.

12వ వారానికి అంచనా వేయాలంటే రేఖను అదే వాలుతో ముందుకు పొడిగించాలి. విలువ సుమారు −0.98 అవుతుంది. 2.718ను ఆ ఘాతానికి హెచ్చించి, 1 కలిపి, దానితో 40ని భాగిస్తే సుమారు 29 గుంటలు వస్తుంది. ఘాతీయ వృద్ధినే నమ్ముకుని, మూడు వారాలకు రెండున్నర రెట్ల చొప్పున లెక్కిస్తే 78 గుంటలు రావాలి, అంటే కుంటకు దాదాపు రెండింతలు!

హద్దు తెలియనప్పుడు దానిని కొలతల నుంచే రాబట్టే సూత్రం కూడా ఉంది. సమాన వ్యవధిలో తీసిన మూడు కొలతల లబ్ధాన్ని రెట్టింపు చేసి, అందులోనుంచి నడిమి కొలత వర్గాన్ని మొదటి, మూడవ కొలతల మొత్తంతో గుణించగా వచ్చినది తీసివేసి, ఫలితాన్ని మొదటి, మూడవ కొలతల లబ్ధంలోనుంచి నడిమి వర్గం తీసివేయగా వచ్చిన దానితో భాగించాలి. 2, 5, 11 అనే కొలతలకు ఇది హద్దు 35 అని చెబుతుంది. మూడవ కొలతను 10.5గా రాసుకుంటే హద్దు 26కు దిగుతుంది, 11.5గా రాసుకుంటే 54కు ఎగబాకుతుంది. అర గుంట తేడా ఏ కొలతలోనైనా రాగలదు కనుక, వక్రం సగం ఎత్తు దాటకముందు ఈ సూత్రాన్ని నమ్మడం నా దృష్టిలో దుస్సాహసమే. 1920లో అమెరికా శాస్త్రవేత్తలు రేమండ్ పెర్ల్, లోవెల్ రీడ్ తమ దేశ జనాభాకు ఇదే వక్రాన్ని అమర్చి, అది సుమారు 19.7 కోట్ల దగ్గర ఆగుతుందని లెక్కించారు. 1960వ దశకంలోనే ఆ దేశ జనాభా ఆ అంకెను దాటిపోయింది.

కుంట విషయంలో హద్దు కంటికి కనిపించడం మన అదృష్టం, అయితే అది కూడా స్థిరం కాదు. ఎండాకాలంలో నీరు వెనక్కి జరుగుతుంది, మత్తడి దుంకినప్పుడు డెక్క కొంత కొట్టుకుపోతుంది, చలి ముదిరితే వృద్ధి రేటే తగ్గుతుంది. అందువల్ల నీటిమట్టం పెద్దగా మారని కాలానికే ఒక వక్రాన్ని పరిమితం చేసి, డెక్కను తీయించిన ప్రతిసారీ లెక్కను మళ్లీ మొదలుపెట్టాలి.

ఎప్పుడు తీయించాలన్నది కూడా ఈ లెక్కే చెబుతుంది. హద్దులో సగం, అంటే 20 గుంటల దగ్గర డెక్క అత్యంత వేగంగా, వారానికి 3 గుంటలకు పైగా పరుచుకుంటుంది. అప్పటిదాకా ఆగి దానిని 2 గుంటలకు దించాలంటే తొమ్మిది వారాలకోసారి 18 గుంటలు, అంటే సగటున వారానికి 2 గుంటలు తీయించాలి. 5 గుంటలు కాగానే 2కు దించుతూ పోతే మూడు వారాలకోసారి 3 గుంటలు, అంటే వారానికి ఒక గుంట చాలు.