మ్యాడ్ సీజన్ ‘అబవ్’ ఎలా వినాలి

అమెరికాలోని సియాటిల్ రాక్ బ్యాండ్ మ్యాడ్ సీజన్ 1995లో తెచ్చిన ఈ ఆల్బమ్‌కి రావలసినంత పేరు రాలేదు. పాడింది ఆలిస్ ఇన్ చెయిన్స్ బ్యాండ్ గాయకుడు లేన్ స్టేలీ. హోరు కోసం వెతికితే మాత్రం నిరాశే.

షఫుల్ (పాటల వరస మార్చేది), బేస్ బూస్ట్ (లోతైన శబ్దాలను పెంచేది) ఆపేయండి. బూస్ట్ ఉంటే ‘వేక్ అప్’ మొదట్లో మెల్లగా నడిచే బేస్ గిటార్ ముద్దముద్దగా వినిపిస్తుంది. ఆ పాట 7 నిమిషాల పైనే, తొందరపడొద్దు.

వాల్యూమ్‌ని ముందే 7వ పాటతో సరిచూసుకోండి, గిటార్లు బరువుగా మోగేది అక్కడే. మొదటి పాటకి పెంచుకుంటే ఇక్కడ చెవులు అదురుతాయి.

8వది ‘లాంగ్ గాన్ డే’కి హెడ్‌ఫోన్ తప్పనిసరి. అతిథి గాయకుడు మార్క్ లానెగన్ బొంగురు గొంతు, పైన స్టేలీ గొంతు, వాటి మధ్య శాక్సఫోన్: మూడూ విడివిడిగా అందాలి. ఆల్బమ్‌కి గుండెకాయ ఇదే.

2013 ఎడిషన్ అయితే 10వ పాట దగ్గర ఆపండి. లానెగన్ పాడిన మూడు అదనపు పాటలు మరోరోజు వినండి.